అయస్కాంతానికి అంటని పొడి

కంప్యూటర్ల హాలు, కిటికీ పక్క బల్ల
వానలు మొదలైన వారం

వదినా,

కాగితం మీద రాస్తున్నానని నవ్వకు. ఇక్కడ మెయిల్ తెరిస్తే చాలు, పక్క టేబులాయన మెడ సాగుతుంది. ఆయనా నేనూ ఒకే పోస్టుకి పోటీ. ఫోను చేద్దామంటే హాల్లో ఫ్యాన్ల హోరు, వరండాలో డైరెక్టరుగారి చెవులు. అందుకని ఉత్తరం. నువ్వూ ఉత్తరమే రాయి.

ఇనుమూ మాంగనీసూ కలిసిన ఆ ఆక్సైడు గుర్తుందా? కిందటిసారి మీ వంటింటి గట్టు మీద కూర్చుని నీ ప్రాణం తీసి మరీ చెప్పాను. దాని సిమ్యులేషన్ పూర్తయింది. ఇందులో ఒక్కో పరమాణువూ ఒక చిన్న అయస్కాంతపు సూది అని అన్నయ్యకి చెబితే, "సూదులతో ఏం కుడతావే?" అన్నాడు. కుట్టేదేమీ లేదు. కంప్యూటరు ఒక్కో సూది దగ్గరికీ వెళ్ళి, తిరుగుతావా, ఉన్నచోటే ఉంటావా అని అడుగుతుంది. వేడిగా ఉన్నంతసేపూ ఎవరి గోల వాళ్ళది. చల్లబరుస్తూ పోతే పక్కవాళ్ళ మాట వినడం మొదలెడతాయి. ఒక చోటికి వచ్చేసరికి ఉన్నట్టుండి అన్నీ వరస కట్టేస్తాయి, ఒకటి పైకి, ఒకటి కిందికి. ఆ చోటే నాకు కావాలి. మంచుకన్నా బాగా చల్లగా, నూట తొంభై కెల్విన్ దగ్గర వచ్చింది. ఎన్నిసార్లు మొదటినుంచి నడిపినా అక్కడే వస్తోంది.

లోకంలో ఎవరూ దీన్ని కొలవలేదు. నువ్వు కొలిచిపెట్టాలి. చలికాలంలో పోస్టు కోసం అందరి ముందూ మాట్లాడాలి. లెక్క పక్కన కొలత కూడా చూపిస్తే పక్క టేబులాయన నోరు మూతపడుతుంది. మీ ల్యాబులో పొడి చేసేదీ నువ్వే, చల్లబరిచి కొలిచేదీ నువ్వే. ఇంకెవర్ని అడగను?

అన్నయ్య గురించి బెంగ పెట్టుకోకు. కొత్త ఆస్పత్రి లిఫ్టుల పని అయ్యేదాకా నా దగ్గరే ఉంటాడు.

నీ ఆడపడుచు, నీ నెత్తిమీద పీడ


కొలతల ల్యాబు, మెట్ల కింది గది

ఆడపడుచు గారి సముఖానికి,

వదిన అనబడే పనిమనిషి రాసుకున్నది. నీ సూదులు కంప్యూటర్లో తిరుగుతాయి, ఇక్కడ నా నడుం తిరుగుతుంది. పొడులు తూచి, రోట్లో నూరి, బిళ్ళలు కట్టి, ఫర్నేసులో పెట్టి, తీసి మళ్ళీ నూరి మళ్ళీ పెట్టాలి. నీకు బటన్ నొక్కితే అయిపోయే పని మరి!

సరే, చేస్తాను. నీకు కాక ఎవరికి చేస్తాను? మొదటి విడత బయటికి తీశాను గానీ నాకు నచ్చలేదు. ఫర్నేసు గొట్టంలో గాలి సరిగ్గా ఆడలేదు. ఇంకో విడత పెడతాను, ఓపిక పట్టు.

మీ అన్నయ్య సంగతి నువ్వే చెప్పాలి. ఫోను చేసినప్పుడల్లా నిచ్చెన మీద ఉన్నానంటాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇన్ని నిచ్చెనలు ఎక్కిన మనిషి కాదు. "నువ్వూ నీ ల్యాబూ నాకు చాలు, ఇంట్లోకి మూడో మనిషెందుకు? పిల్లలొద్దు" అన్నాడు కదా, నేనూ సరేనన్నాను. ఇప్పుడు ఇంట్లో రెండో మనిషి కూడా లేడు. సాయంత్రం తాళం తీసి లోపలికి వెళ్తే పొద్దున నేను వదిలిన గ్లాసు వదిలినచోటే ఉంటోంది. ఇదివరకు అది ఎవరో ఒకరు కడిగిపెట్టేవాళ్ళు. ఆ ఎవరో ఎవరో తెలుసుగా.

చదువుకునే కళ్ళజోడు ఇక్కడే మర్చిపోయాడు. అది లేకుండా డ్రాయింగులు ఎలా చూస్తున్నాడు? వేళకి తింటున్నాడా? నీ దగ్గరే ఉన్నాడు కదా, నిజం చెప్పు, చిక్కాడా?

నీ వదిన


కంప్యూటర్ల హాలు

వదినా,

చిక్కడమా! నా సోఫా మీద అడ్డంగా పడి గురక పెడుతున్నాడు. కింద బట్టలు కుట్టే ఆవిడ పైకొచ్చి, "మీ ఇంట్లో ఏదైనా మిషను కొన్నారా?" అని అడిగింది. తింటున్నాడు, నా వాటా కూడా తింటున్నాడు. నిచ్చెన మాట నిజమే, ఆస్పత్రిలో ఎనిమిది లిఫ్టులు. కళ్ళజోడు పంపకు, ఇక్కడ ఒకటి కొనుక్కున్నాడు. నువ్వు అనవసరంగా లేనిపోనివి తల్లో పెట్టుకుంటావని నవ్వాడు కూడా.

నీ పొడి సంగతి చెప్పు. డైరెక్టరుగారు నిన్న నన్ను ఆపి, "కొలత వస్తోందా అమ్మా?" అన్నారు. "మా వదిన చేస్తోందండీ, ఆవిడ చేస్తే తిరుగుండదు" అన్నాను. పక్క టేబులాయన విననట్టు నటించాడు. ఆ నటన చూసి తీరాలి.

ఆడపడుచు


కొలతల ల్యాబు

బంగారు తల్లికి,

ఉత్తరం ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. మధ్యలో రెండు రోజులు ఊళ్ళో లేను.

నీ కొలత ఈ కవర్లో పెట్టాను. చలిలోకి దించుతూ పోతే నూట ఇరవై కెల్విన్ దగ్గర గీత ఒక్కసారిగా గెంతుతోంది. చూడు, కత్తితో కోసినట్టుంది. ఇంత స్పష్టమైన దశ మార్పు మా ల్యాబులో ఈ మధ్య ఎవరికీ రాలేదు. నువ్వు అనుకున్న నూట తొంభై దగ్గర నాకు చెప్పుకోదగ్గదేమీ కనిపించలేదు. పోనీలే, లెక్క అన్నాక కొంచెం అటూ ఇటూ అవుతుంది.

మీ అన్నయ్య కులాసాగా ఉన్నాడని రాశావు, చాలా సంతోషం. నీ దగ్గర ఉన్నాడు కాబట్టి నాకు నిశ్చింత. అతన్ని బాగా చూసుకో.

ప్రేమతో,
వదిన


కంప్యూటర్ల హాలు

వదినా,

గ్రాఫు చూసినప్పటినుంచీ ముద్ద దిగడం లేదు. నూట తొంభై ఎక్కడ, నూట ఇరవై ఎక్కడ! "కొంచెం అటూ ఇటూ" కాదిది. సూదికీ సూదికీ మధ్య బలం ఎంతో నేను ఊహించి పెట్టలేదు. దానికి వేరే పెద్ద లెక్క ఉంది, నెలల తరబడి నడిచింది. అందులో ఇంత తప్పు ఉండదు.

కోప్పడనంటే ఒకటి అడుగుతాను. మామూలు నల్ల ఇనుప ఆక్సైడు, మాగ్నెటైట్, సరిగ్గా ఇక్కడే గెంతుతుంది కదా? పొడిలో అది కాస్త కలిసిందేమో? నువ్వు పంపిన గ్రాఫు చలివైపే ఉంది. పైభాగం, గది వేడి దాకా ఉన్నది, ఉందా? నా పదార్థం గది వేడిలో అయస్కాంతంలా ప్రవర్తించకూడదు. పైన గీత నేల మీద, అంటే సున్నా దగ్గర ఉంటే నాకు ఇంకే అనుమానమూ లేదు.

నాకేం చెయ్యాలో తోచడం లేదు. నా లెక్కని నమ్మనా, నిన్ను నమ్మనా? అన్నయ్యని అడిగితే, "వదిన చేతి పనికి వంక పెట్టే మొనగాడు పుట్టలేదు" అన్నాడు.

ఆడపడుచు


కొలతల ల్యాబు

తల్లీ,

నీ మీద నాకు కోపమా? అడగాల్సిందే అడిగావు.

ఎక్స్-రే తీయించాను. నీ పదార్థం గీతలన్నీ ఉండాల్సిన చోట ఉన్నాయి. మాగ్నెటైట్ గీత ఒక్కటి కూడా కనిపించలేదు. ఆ కాగితం కూడా పెడుతున్నాను, నీ కళ్ళతో నువ్వే చూసుకో. పైభాగంలో చూడవలసిన విశేషమేమీ లేదు, అందుకే పంపలేదు. నీకు కావాల్సిన మార్పు చలిలో కదా ఉంది.

ఒక్క మాట చెబుతాను, పెద్దదాన్ని కాబట్టి. కంప్యూటరు చెప్పిందే జరిగితే ఇక మా ల్యాబులకి తాళాలు వేసుకోవచ్చు. పదార్థం ఎదురుగా ఉండి ఇలా ఉన్నానంటుంటే, కాదు, నువ్వు అలా ఉండాలి అంటావా? నీ బలాల లెక్కలో ఎక్కడో ఎక్కువ పడి ఉంటుంది. తగ్గించి చూడు. అందరూ చేసేదే.

ఇక నమ్మకం సంగతి అంటావా? ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటినుంచీ మనిద్దరి మధ్య దాపరికం ఎప్పుడైనా ఉందా? నువ్వు నాకు ఎప్పుడైనా అబద్ధం రాశావా? నేను నీకు రాస్తానా?

ప్రేమతో,
వదిన


కంప్యూటర్ల హాలు
చలి మొదలైంది

వదినా, వదినా, వదినా!

కుదిరింది. సూదుల మధ్య బలం మూడో వంతు తగ్గించాను. అంతే, మార్పు జారుకుంటూ దాదాపు నూట ఇరవైకి వచ్చి కూర్చుంది. కానీ నీ గీతలా గెంతలేదు, మెల్లగా వంగింది. అప్పుడు పరమాణువుల మధ్య దూరం కూడా కాస్త కదలొచ్చని ఒక చిన్న పదం కలిపాను. గెంతింది! నీ గీత మీద నా గీత పెడితే ఏది ఎవరిదో నాకే తెలియలేదు. బలం ఎందుకు తగ్గుతుందో చెప్పడానికి ఒక కారణం కూడా దొరికింది. వెతికితే దొరకని కారణం ఉండదులే.

దాన్ని సినిమాలా తీశాను. ఎర్ర సూదులు, నీలం సూదులు. వేడిలో జాతరలా ఉంటాయి. చల్లబరిస్తే అక్కడక్కడా చిన్న చిన్న గుంపులు కడతాయి. ఒక గుంపు పక్క గుంపుని మింగుతుంది, అది ఇంకోదాన్ని, చివరికి తెరంతా ఒకటే వరస. డైరెక్టరుగారు రెండుసార్లు వేయించుకుని చూశారు. "ఇది మన సంస్థ గోడ మీద పెట్టాలి" అన్నారు. పక్క టేబులాయన ఆరోజు తొందరగా ఇంటికెళ్ళిపోయాడు.

మొదటి స్లైడులోనే నీ పేరు పెడుతున్నాను. ఈ పోస్టు నాకొస్తే అది నువ్వు పెట్టిన భిక్ష.

అన్నయ్య ఇంకో ఊరు వెళ్ళాడు, లిఫ్టుల పనే. వచ్చాక ఫోను చేయిస్తాను.

ఆడపడుచు


కొలతల ల్యాబు

తల్లీ,

చాలా సంతోషం. ఆరోజు నీలం రంగు వేసుకో, తెర ముందు బాగుంటుంది. తడబడకుండా, తల ఎత్తుకుని మాట్లాడు. ఎవరేం అడిగినా మా వదిన కొలిచింది అని ధైర్యంగా చెప్పు.

వదిన


ఇంట్లో

వదినా,

నువ్వు ఫోను తీయడం లేదు. ల్యాబుకి చేస్తే పనిలో ఉన్నారన్నారు. అందుకని రాస్తున్నాను. 

హాలు నిండా జనం. సినిమా వేసినప్పుడు చప్పట్లు కూడా కొట్టారు. ఇక కూర్చోవచ్చు అనుకుంటుండగా మూడో వరసలో ఒక ముసలాయన చెయ్యెత్తాడు. పోస్టు కమిటీలో బయటినుంచి వచ్చినాయన.

"చాలా బాగుందమ్మా. ఒక చిన్న ప్రశ్న. ఆ పొడి ఈ గదిలో, ఈ వేడిలో, అయస్కాంతానికి అంటుకుంటుందా?"

"అంటుకోకూడదండీ" అన్నాను.

"కూడదని నాకూ తెలుసు. అంటుకుంటుందా అని అడుగుతున్నాను."

"మా వదిన కొలిచారండీ. ఎక్స్-రేలో వేరే ఏదీ కనిపించలేదు."

"వందలో ఒక పాలు కలిస్తే ఎక్స్-రేకి కనపడదమ్మా. అయస్కాంతానికి కనపడుతుంది. మీరు పొడిని చూశారా?"

"లేదండీ."

హాల్లో ఎవరో నవ్వారు. ఒకరు నవ్వితే ఏముంది, పాకుతుంది. ఆయన మాత్రం నవ్వలేదు. అది ఇంకా ఘోరంగా ఉంది. "నూట ఇరవై దగ్గర అలా గెంతేది ఒకటి నాకు తెలుసు. మాగ్నెటైట్. మా దగ్గర రెండో ఏడు చదివే పిల్లలు కొలుస్తారు. సర్దకముందు మీ లెక్కలో ఎంత వచ్చింది?"

"నూట తొంభై."

"మరి దాన్నెందుకు చంపుకున్నారు?"

 మైకు పట్టుకుని నిలబడిపోయాను. వెనకాల తెర మీద ఆ సినిమా ఆగలేదు, ఎర్రా నీలం గుంపులు కడుతూనే ఉన్నాయి. ఎవరో లేచి ఆపేశారు. డైరెక్టరుగారు నా మొహం చూడకుండా, "తర్వాతివారు" అన్నారు. తర్వాతివారు పక్క టేబులాయన.

పోస్టు ఆయనకే వచ్చింది. నా పాత ఒప్పందం కూడా పొడిగించరట. "లెక్కని కొలతకి తగ్గట్టు వంచేవాళ్ళు మాకు వద్దు" అని డైరెక్టరుగారు అన్నారని గుమాస్తా చెప్పాడు. పాపం, మెల్లగా చెప్పాడు.

నీ తప్పని నేను అనడం లేదు. నువ్వు కూడా మోసపోయి ఉంటావు, గొట్టంలో గాలి ఆడలేదన్నావు కదా. ఒక్క సంగతి చెప్పు. ఆ పొడి అయస్కాంతానికి అంటుకుంటుందా?

ఆడపడుచు


కొలతల ల్యాబు

ఆడపడుచుకి,

ఈ కవర్లో రెండు కాగితం పొట్లాలున్నాయి. గుర్తు పెట్టిన పొట్లం నీకు పంపిన గ్రాఫు తాలూకు పొడి. ఒక అయస్కాంతం కిందినుంచి పెట్టి చూడు. పొడి లేచి నిలబడుతుంది, వెంట్రుకల్లా. రెండో పొట్లంలోది కదలదు.

అవును, నాకు తెలుసు. గ్రాఫు తీయకముందే తెలుసు. మొదటి విడత పొడి అది, గాలి సరిగ్గా అందక మాగ్నెటైట్ కలిసింది. పారేద్దామని పక్కన పెట్టాను. రెండో విడత శుభ్రంగా వచ్చింది. రెండూ కొలిచి, ఒకటి నీకు పంపాను.

ఎందుకో చెబుతాను.

కళ్ళజోడు పంపకు అని రాశావు. పంపలేదు, నేనే పట్టుకొచ్చాను. మీ ఇద్దర్నీ ఆశ్చర్యపరుద్దామని చెప్పకుండా వచ్చాను. నీ తలుపుకి తాళం ఉంది. కింద బట్టలు కుట్టే ఆవిడ, నేనెవరో అడక్కుండానే, మర్యాదగా కూర్చోబెట్టి చెప్పింది. "ఆవిడ వాళ్ళ అన్నయ్యగారింటికి వెళ్ళిందండీ. రెండు వీధుల అవతల, బేకరీ మేడ మీద. పాపకి ఒంట్లో బాలేదట." ఏ పాప అని అడగబోయి ఆగిపోయాను. "పై ఇంట్లో గురక మిషను వచ్చిందట కదా?" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. నీ సోఫా మీద ఎవరూ ఏనాడూ పడుకోలేదట.

బేకరీ పక్కన మెట్లెక్కాను. తలుపు తీసే ఉంది. నువ్వు నాకు వీపు పెట్టి నిలబడ్డావు, భుజం మీద పాప. మీ అన్నయ్య పాలసీసా ఊపుతున్నాడు. ఆ పిల్ల తల్లి మంచం మీద కూర్చుని మీ ఇద్దర్నీ చూస్తోంది. పిల్లలొద్దు అన్న మనిషి, సీసాలోంచి చుక్క తీసి చేతి మీద వేసుకుని వేడి చూసుకుంటున్నాడు.

"వదినకి అనుమానం వచ్చిందా?" అన్నాడు.

"వస్తే కదా! సోఫా మీద పడి గురక పెడుతున్నావని రాశాను" అన్నావు నువ్వు. ముగ్గురూ నవ్వారు.

అతను చేసిందానికి అతనికి వేరే లెక్క ఉంది. అతను మగవాడు, వేరే ఇల్లు కట్టుకున్నాడు, లోకంలో కొత్త కాదు. నువ్వు మాత్రం నా చేత రోట్లో పొడి నూరిస్తూ, నీ పోస్టు కోసం నా చేతులు కాల్పిస్తూ, అదే కలంతో ఆ గురక రాశావు. బట్టలు కుట్టే ఆవిడని కూడా కలిపావు, నేను నమ్మడానికి.

కళ్ళజోడు బస్టాండు మెట్టు మీద పెట్టి వచ్చేశాను. ల్యాబుకి వచ్చి రెండు పొట్లాలూ ముందు పెట్టుకుని కూర్చున్నాను. పెద్దగా ఆలోచించలేదు.

నేను నీకు ఒక్క అబద్ధం కూడా రాయలేదు, ఉత్తరాలు తీసి చూసుకో. ఎక్స్-రేలో కనిపించలేదన్నాను, కనిపించలేదు. పైన విశేషం లేదన్నాను. అక్కడ గీత నేల మీద లేదు, నిజమే, కానీ మాగ్నెటైట్ కలిసిన పొడికి అది విశేషం కాదు. ఆ పొడిలో నీ మార్పు మునిగిపోయింది, అందుకే చెప్పుకోదగ్గదేమీ కనిపించలేదన్నాను. నీ లెక్కని నమ్మాలో నన్ను నమ్మాలో అడిగావు. నిన్ను నమ్ముకోమని అప్పుడు ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. కలం కూడా చేతిలోనే ఉంది.

రెండో పొట్లంలోది శుభ్రమైన పొడి. నూట తొంభై దగ్గర చిన్న ముల్లులాంటి శిఖరం వచ్చింది. నువ్వు ఏమీ సర్దకముందు వేసిన లెక్క అక్షరాలా సరైనది. ఆ కొలత నా పేరు మీద పత్రికకి పంపాను.

వదిన


ఇంట్లో, సామాన్లు సర్దుతూ

వదినగారికి,

రెండు పొట్లాలూ చూశాను. మీరు చెప్పినట్టే ఉన్నాయి.

'మీరు' అన్నందుకు ఏమీ అనుకోకండి. నువ్వు అనడానికి నోరు రావడం లేదు.

ఎందుకు దాచానని మీరు అడగలేదు, అయినా చెబుతాను. అమ్మా నాన్నా పోయాక నాకు జడలు వేసింది అన్నయ్య. వంకర పాపిటతో బడికి వెళ్ళేదాన్ని. అతను వచ్చి, "నువ్వు నోరు విప్పితే నా బతుకు పోతుందే" అంటే నోరు మూసుకున్నాను. మీరు సూటిగా అడిగి ఉంటే చెప్పేదాన్నా? చెప్పేదాన్ని కాదు. ఆ పాప ఏడిస్తే ఎత్తుకోకుండా ఉండటం కూడా నా వల్ల కాదు. ఇక ఆ నవ్వు సంగతి. నవ్వాను. దాని గురించి రాయడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇప్పుడు రెండో సంగతి. ఈ పదార్థం మీద పని చేసినవాళ్ళు లోకంలో ఎంతమంది? అందుకని పత్రిక ఎడిటరుగారు మీ పేపరు అచ్చుకి పనికొస్తుందో లేదో చూసిపెట్టమని నాకే పంపారు. ముందు నవ్వొచ్చింది. తర్వాత మొత్తం చదివాను. బాగా రాశారు. తప్పు లేదు. మీ శిఖరం నా లెక్క మీద సరిగ్గా కూర్చుంది. ఆ లెక్క ఎవరిదో మీరు రాయలేదు, అంతే.

రచయిత్రి నా వదిన, నేను చూడకూడదు అని వెనక్కి పంపేశాను. పంపుతూ ఒక్క మాట కలిపాను. ఈ శుభ్రమైన పొడి కొలత ఏ తేదీన తీశారో రచయిత్రిని అడగండి, ఆ తర్వాతే ఇదే ల్యాబు నుంచి ఇదే పదార్థం పేరుతో చెడ్డ పొడి గ్రాఫు ఇంకొకరికి వెళ్ళింది, అన్నాను. మీ గ్రాఫూ మీ ఉత్తరాలూ జతచేశాను.

నేనూ ఒక్క అబద్ధం రాయలేదు. నిజాలే రాస్తూ మనిషి ప్రాణం ఎలా తీయొచ్చో మీ దగ్గరే నేర్చుకున్నాను.

ఇట్లు


మీ అన్నయ్యతో నేను కాపురం చేసిన ఇల్లు

ఆడపడుచుకి,

ఎడిటరు తేదీ అడిగాడు. అబద్ధం చెప్పొచ్చు, యంత్రంలో తేదీ మార్చడం నాకు చేతకాని పని కాదు. ఎందుకో మార్చలేదు. ఉన్నది ఉన్నట్టు రాశాను. పేపరు వెనక్కి వచ్చింది. ఉత్తరాల నకళ్ళు ఎడిటరు దగ్గర్నుంచి మా ల్యాబు పెద్దాయన బల్ల మీదికీ వెళ్ళాయి. ఆయన చదువుతున్నంతసేపూ నన్ను నిలబెట్టాడు. చదవడం అయ్యాక, "మీ ఇంటి గొడవలకి నా ల్యాబే దొరికిందా అమ్మా?" అని చెయ్యి చాపాడు. కరచాలనం అనుకున్నాను. తాళాలకట, ఇచ్చేశాను. నేను చేసిన పాత కొలతలన్నీ మళ్ళీ చూస్తారట. వాటిలో తప్పేమీ లేదు. అయినా ఇక ఎవరు నమ్ముతారు?

నీకు తెలిసి ఉండదు, మన పదార్థం మీద పేపరు వచ్చేసింది. హాల్లో నిన్ను అయస్కాంతం గురించి అడిగిన ముసలాయన వెనక్కి వెళ్ళి తన మనుషుల చేత పొడి చేయించి కొలిచాడు. సిమ్యులేషన్ మీ పక్క టేబులాయనది. నూట తొంభై. నీ పేరు లేదు, నా పేరూ లేదు. చివర్లో ఎవరెవరికో కృతజ్ఞతలు చెప్పారు, అక్కడ కూడా వెతికాను.

మీ అన్నయ్య మొన్న వచ్చాడు. విడాకుల కాగితాల మీద సంతకం కావాలట. పెట్టాను. కాఫీ ఇస్తే తాగాడు. నా ఉద్యోగం పోయిందనీ నీ ఉద్యోగం పోయిందనీ ఎవరో చెప్పారట. "ఏంటి మీ ఇద్దరికీ ఆ ఆక్సైడు గొడవ? చిన్నపిల్లల్లా ఏదో పొడి కోసం కొట్టుకున్నారటగా" అన్నాడు. చెబుదామని నోరు తెరిచాను. అప్పటికే పాప ఫొటోలు చూపిస్తున్నాడు. నడుస్తోందట.

ఒళ్ళు చేశాడు. మొహం కళగా ఉంది. లిఫ్టుల కంపెనీలో పెద్ద పోస్టు ఇచ్చారట. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, నీకు ఉత్తరం రాస్తే అడిగానని చెప్పమన్నాడు.

చెబుతున్నాను.

వదిన